అంతేవాసి మొదలు అప్రెంటిసు వరకు

మహాసభా సంచిక కొరకు మన కులచరిత్రమును గూర్చి ఏదేని వ్యాసము వ్రాసి పంపవలసినదని సంపాదకులు మమ్ము కోరిరి. కులచరిత్రమనగానే మనవారు విశ్వకర్మ పంచముఖముల నుండి మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులు వెలువడిన వృత్తాంతముతో ప్రారంభింతురు. ఆ పనిని మాకంటె సమర్థులు పలువురు చేసియున్నారు. ఈ సంచికయందును చేసియేయుందురు. మేము ముప్పది రెండేండ్లు బడిలో సంస్కృతాంధ్రములు చెప్పి విరమించినవారము. బడిపంతులు చూపు ఎప్పుడును పిల్లవాని మీదనే యుండును. కావున మూలపురుషుల ప్రశంసను విడిచి, కొలిమికో కర్మాగారమునకో పని నేర్చుకొన వచ్చిన పిల్లవాని చరిత్రమును చెప్ప సంకల్పించితిమి.

మా నివాసము ఆరాంఘర్ చౌరస్తాకు సమీపమున నున్నది. ఆరాంఘర్ అనగా విశ్రాంతి గృహమని యర్థము. పేరునకును ఊరునకును నేడు పొంతన లేదు. కర్నూలు మార్గముగా బెంగుళూరునకు పోవు పాత బాట, మెహిదీపట్టణము నుండి స్తంభముల మీద వచ్చి దిగు వంతెన దారి, 2025వ సంవత్సరము జనవరిలో తెరచిన జూపార్కు వంతెన, ఇవన్నియు ఇచ్చటనే కలియును. ఒక ప్రక్క కాటేదాను కర్మశాలలు. దక్షిణమున గగన్‌పహాడు దాటినచో శంషాబాదు, విమానాశ్రయము. తెల్లవారుజామున మేము వాహ్యాళికి పోవు వేళ, మెడలో గుర్తుచీటీలు వ్రేలాడదీసికొని, చేత అన్నపు డబ్బా పట్టుకొని, బస్సుల కొరకు నిలిచియున్న పడుచువాండ్రు కనబడుదురు. వారిలో మా పూర్వశిష్యులును కొందరుందురు. ఒకనాడొకనిని, "ఏమి పని నాయనా?" యని యడిగితిమి. "అప్రెంటిస్ సార్" అనెను. "ఎన్నాళ్ళు?" అంటిమి. "యాడాది సార్. తర్వాత చూడాలె" అనెను.

ఆ "తర్వాత చూడాలె" అను మాట మమ్ము చాలదినములు వెంటాడెను. ఈ వ్యాసమునకు అదియే కారణము.

పని నేర్చుకొను పిల్లవానికి మన ధర్మశాస్త్రములలో అంతేవాసి యని పేరు. గురువు సమీపమున వసించువాడని వ్యుత్పత్తి. వేదము చదువు వటువునకును ఈ పేరు చెల్లును గాని, వ్యవహారకాండమున వచ్చునప్పుడు ఇది ప్రధానముగ శిల్పము నేర్చువానికే వర్తించును. నారదస్మృతిలో అభ్యుపేత్యాశుశ్రూష యను వ్యవహారపదము కలదు. సేవకు ఒప్పుకొని చేయకుండుట యని దాని భావము. అందు సేవ చేయువారు అయిదు తెగలుగా చెప్పబడిరి: శిష్యుడు, అంతేవాసి, భృతకుడు, పనివారిపై అధికారి, దాసుడు. ఈ వరుసను పాఠకులు గమనింపవలెను. అంతేవాసి స్థానము చదువుకొనువానికిని కూలివానికిని నడుమ నున్నది. అతడు పూర్తిగా విద్యార్థియు కాడు, పూర్తిగా పనివాడును కాడు. వేయేండ్లకు పైగా గడచినను ఆ పిల్లవాడు ఆ నడిమి మెట్టు మీదనే నిలిచియున్నాడని మేము చూపబోవుచున్నాము.

నారదుని నిబంధనల తాత్పర్యమిది. పని నేర్వగోరువాడు తన బంధువుల అనుమతితో వచ్చి, ఎంతకాలముండునో ముందుగానే నిశ్చయించుకొని, ఆచార్యుని యింట నుండవలెను. ఆచార్యుడు తన యింటనే అన్నము పెట్టి నేర్పవలెను, కొడుకువలె చూడవలెను, నేర్పదలచిన పని కాక వేరు పని చేయింపరాదు. దోషము లేని గురువును విడిచిపోవు అంతేవాసిని బలవంతముగ నిలుపవచ్చును. అతడు దండనకును పాత్రుడగును. గడువునకు ముందే విద్య పట్టుబడినను గడువు తీరువరకు ఉండవలసినదే. ఆ మిగిలిన కాలమున అతడు చేసిన పనికి వచ్చు ఫలము గురువునకే చెందును. యాజ్ఞవల్క్యుడును ఇట్లే చెప్పెను. కల్యాణ చాళుక్యుల కాలమున దానికి మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు ఈ ఘట్టమున నాలుగేండ్ల గడువును ఉదాహరణముగ చూపెను.

ఈ నియమములను కొందరు దాస్యమనియు, కొందరు సత్యయుగపు గురుకులమనియు వర్ణింతురు. రెండును తొందరపాటు మాటలే. ఇది ఒక ఒప్పందము. ప్రారంభమున గురువు నష్టపడును: పిల్లవాడు బొగ్గు పాడుచేయును, ఇనుము కాల్చివేయును, అన్నము మాత్రము తినును. చివరి యేడాదులలో గురువు ఆ నష్టమును రాబట్టుకొనును. ఇందు పిల్లవానికి కీడు జరుగు చోటొక్కటే. గురువు నేర్పుటమాని నీళ్ళు మోయించినచో వాని యౌవనము వ్యర్థమగును. స్మృతికారుడు ఆ చోటనే వ్రేలు పెట్టి, వేరు పని చేయింపరాదనెను. అతడు తప్పక కొన్ని కొలుములను దగ్గరగా చూచిన వాడైయుండును.

ఇక మేమెరిగిన కొలిమిని గూర్చి చెప్పుదుము. మా తండ్రిగారికి శంషాబాదు దాపుననున్న పల్లెలో కొలిమి యుండెడిది. మేము మనుబ్రహ్మ సంతతివారము, అనగా కమ్మరులము. పంటకాలమున రైతులు కొలిచి యిచ్చు మేరయే జీవనాధారము. కొలిమికి వచ్చు పిల్లవాడు, కొడుకు గాని మేనల్లుడు గాని, మొదటి యేడు తిత్తి ఊదవలెను. అది శిక్ష యని మేము చిన్నతనమున తలచెడివారము. అది శిక్ష కాదు, చూపు నేర్పుట. తిత్తి కడ కూర్చున్నవానికి మంట తప్ప వేరు వ్యాసంగముండదు. ఇనుము నల్లదనము విడిచి మోదుగుపూవు వన్నెకు వచ్చుట, అటనుండి బంగారు వన్నెకు పోవుట, ఇంకను ఉపేక్షించినచో చిటపటలాడుచు చుక్కలు రాల్చుట, ఇది ఏడాది పొడుగున చూచి చూచి వాడు కంటితో కంఠస్థము చేయును. పిదప పట్టుకారు పట్టుట, పిదప సమ్మెట. సమ్మెట వేయువాడు శిష్యుడు. చిన్న సుత్తెతో తాటించి దెబ్బ పడవలసిన చోటు చూపువాడు గురువు. ఆ సుత్తె చప్పుడే బోధ. గురువు సుత్తెను దాగలి మీద ప్రక్కకు పడవేసినచో ఆపుమని యర్థము. మా తండ్రిగారు కొలిమి కడ దినమంతయు పది మాటలు పలికియుండరు.

అన్నిటికన్న కష్టమైనది ఉలికి నీరు పెట్టుట. ఎఱ్ఱగా కాల్చిన ఉలి మొనను నీట ముంచి తీసి, రాతి మీద రుద్ది తెలుపు చేయుదురు. వెనుక నిలిచియున్న వేడి మెల్లగా మొనవైపు ప్రాకును. అప్పుడు ఆ తెలుపు మీద ఎండుగడ్డి వన్నె, తరువాత తేనె వన్నె, తరువాత నెమలి కంఠపు వన్నె, తుదకు నీలము వరుసగా నడచి వచ్చును. ఏ వన్నె మొనను చేరినప్పుడు మరల నీట ముంచవలెనో తెలియుటయే విద్య. ఒక్క రెప్పపాటు ముందైన మొన విరుగును. వెనుకైన మొన మడుగును. మా తాతగారు 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరు కట్టడము కడ రాళ్ళు కొట్టువారి ఉలులకు నీరు పెట్టుటకై కొలిమి నెత్తుకొని పోయి యుండిరి. 1908వ సంవత్సరపు మూసీ వరద పట్టణమును ముంచిన పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చెప్పిన ఉపాయమును బట్టి ముందు ఉస్మాన్‌సాగరు, పిదప ఈసా నది మీద ఇది నిర్మింపబడినవి. ఈ సాగరములను చూచువారు ప్రభువును, ఇంజనీరును తలచుట న్యాయమే. ప్రతి సాయంకాలము మొద్దువారి మరునాటి యుదయమునకు మరల పదునెక్కిన ఉలులను తలచువారు లేరు. మా తాతగారి పేరు ఏ లెక్కపుస్తకమునను మాకు కనబడలేదు.

కొలిమి విద్యను ఇంతగా మెచ్చుకొన్న పిమ్మట దాని లోపములను దాచుట తగదు. గడువు లేదు, పత్రము లేదు, ఎప్పుడు నేర్చుట ముగిసినదో చెప్పువాడు లేడు. కొందరు పెద్దలు కడపటి మర్మమును మరణశయ్య వరకు దాచిరి. కొన్ని మర్మములు వారితోనే పోయినవి. అంతకన్న పెద్ద లోపమొకటి కలదు. మనవారు ఇతరులకు నేర్పలేదు. మా చిన్నతనమున వేరొక కులపు బాలుడు మా కొలిమి అరుగు మీద వారములతరబడి కూర్చుండి చూచుచుండెడివాడు. తిత్తి ఊదెదనని తానై యడిగెను. మా తండ్రిగారు మెత్తని మాటలతోనే వానిని పంపివేసిరి. ఆ బాలుడు పిదప ఐ.టి.ఐ.లో చేరి మంచి టర్నరయ్యెనని వింటిమి. మన విద్య పరుల పాలయ్యెనని వేదికల మీద వగచువారు ఆ అరుగును ఒకసారి తలచుకొందురు గాక.

ఈ సీమకు యంత్రవిద్య ఎట్లు వచ్చెనో సంగ్రహముగ చెప్పుదుము. 1795లో ఫ్రెంచి సేనాని రేమండు హైదరాబాదున ఫిరంగులు పోతపోయు కార్ఖానాను నెలకొల్పెను. నేటికిని ఆ పేట గన్‌ఫౌండ్రీ యనియే పిలువబడుచున్నది. శంషాబాదునకు ఆ పేరు పైగా ప్రభువుల షమ్సుల్ ఉమ్రా బిరుదమును బట్టి వచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఆ బిరుదము వహించిన నవాబు ఫక్రుద్దీన్ ఖాన్ పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున పాశ్చాత్య శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెనిగించి, కాదు, ఉర్దూ చేయించి, తన శిలాముద్రణాలయమున అచ్చొత్తించెను. ఆ యారు గ్రంథములకు సిత్తయె షమ్సియ్య యని పేరు. వానిలో బరువులెత్తు యంత్రముల శాస్త్రము, జలశాస్త్రము, వాయుశాస్త్రము మొదలగునవి కలవు. ఆ ప్రభువు పేరు మోయు ఊరిలో మా కొలిమి యుండెను; ఆ గ్రంథములలోని మాట యొక్కటియు మా కొలిమికి చేరలేదు. చదువు ఒక వీధిని, చేతిపని వేరొక వీధిని నడచుట ఈ దేశమున క్రొత్త గాదు.

1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. 1893లో లాలాగూడ రైలు కార్ఖానా వెలసెను. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్సు స్థాపితములైనవి. స్వాతంత్ర్యానంతరము బాలానగరము, రామచంద్రాపురము, చర్లపల్లి ప్రాంతములలో వెలసిన పెద్ద కర్మాగారముల పేర్లు పాఠకులకు తెలిసినవే. మేర కొలుచు రైతులు ట్రాక్టరుకు మారిన కొలది మన పిల్లలు కొలుములు విడిచి ఆ కర్మాగారముల ద్వారముల కడకు నడచిరి.

అచ్చట వారికి లభించిన పేరే అప్రెంటిసు. ఈ పేరుతో బ్రిటిషు ఇండియాలో మొదటి శాసనము 1850లో వచ్చెను. అది ముఖ్యముగ అనాథలను, ధర్మసంస్థలలో పెరుగు పేద పిల్లలను ఏదేని వృత్తికి కట్టివేయుటకు చేసినది. కట్టివేయుట యను మాట మాది కాదు, శాసనమున నున్నదే. స్వతంత్ర భారతమున 1950లో శిల్పకార శిక్షణ పథకము ప్రారంభమై ఐ.టి.ఐ.లు పెరిగినవి. 1961లో నేటి అప్రెంటిసు శాసనము వచ్చి, 1850 నాటిదానిని రద్దుచేసెను. 1973లో దీనిని సవరించి, ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమావారిని కూడ దీని క్రిందికి తెచ్చిరి. షెడ్యూల్డు కులముల, తెగల పిల్లలకు స్థానములు ప్రత్యేకించుటయు ఈ శాసనమున చేరెను. మా తండ్రిగారి అరుగు మీద కూర్చున్న బాలుని వంటివారికి ద్వారము తెరచినది శాసనమే గాని మనము గాము.

ఈ శాసనమును స్మృతి ప్రక్కన పెట్టి చదివిన మాకు ఆశ్చర్యము కలిగెను. ఒప్పందపత్రము వ్రాయవలెను, పిల్లవాడు మైనరైనచో సంరక్షకుడు చేవ్రాలు చేయవలెను. ఇది నారదుని బంధువుల అనుమతియే. గడువు ముందుగా నిర్ణయింపవలెను. యజమాని ఆ వృత్తియందే శిక్షణ ఇవ్వవలెను. అన్నమునకు బదులు నెలకింత యని స్టైపెండు. పదునెనిమిదవ సెక్షను, అప్రెంటిసు శిక్షణార్థియే గాని పనివాడు కాడనును. అదిగో, నారదుడు చూపిన నడిమి మెట్టు. పదునారవ సెక్షను శిక్షణలో గాయపడినవానికి నష్టపరిహారము యజమాని బాధ్యతయనును. ఇరువది రెండవ సెక్షను, 2014లో సవరింపబడువరకు, ఒప్పందమున ప్రత్యేకముగ వ్రాసికొన్ననే తప్ప, గడువు తీరినవానికి ఉద్యోగమిచ్చు బాధ్యత యజమానికి లేదనెను. "తర్వాత చూడాలె" అను మాట ఈ సెక్షను నుండి పుట్టినది. కొలిమిలో నేర్చినవానికి పత్రము లేదు గాని చోటు కలదు. తండ్రి కొలిమియో మామ కొలిమియో వానిదే యగును. కర్మాగారమున నేర్చినవానికి పత్రము కలదు, చోటు లేదు.

మా యన్నగారు ఈ రెండిటిని చూచినవారు. తిత్తి ఊది, సమ్మెట వేసి, పిదప ఐ.టి.ఐ.లో రెండేండ్లు ఫిట్టరు పని నేర్చి, 1975లో ఒక పెద్ద కర్మాగారమున ఏడాది అప్రెంటిసుగ చేరిరి. ఐ.టి.ఐ.లో మొదటి నెల చేయించిన పనిని ఆయన తరచు చెప్పెడివారు. బెంచి వైసున ఇనుపముక్కను బిగించి, ఆకురాయితో ఆరు ముఖములును చదును చేయవలెను. గుణియ పెట్టి వెలుతురునకెత్తి చూచినప్పుడు గుణియకును ఇనుమునకును నడుమ వెలుగు గీత కనబడరాదు. కనబడినచో మరల రుద్దవలెను. ఒక మూల సరిచేయగా వేరొక మూల పోవును. మొదటి ఆదివారము ఇంటికి వచ్చినప్పుడు అరచేతులు బొబ్బలెక్కియుండెను. మా తండ్రిగారు ఏమి నేర్పిరని యడిగిరి. "ఏమున్నది నాయనా, ఇనుపముక్క రుద్దిపిస్తున్నరు. నెల దినాలు గదే పనట" అనెను. మా తండ్రిగారు నవ్వి, "మంచిదే కొడుకా. మనం తిత్తి ఊదిపిస్తం, వాళ్ళు ఆకురాయి పట్టిపిస్తున్నరు" అనిరి. పాఠశాల నెరుగని ఆయన ఆ బోధకుని వెంటనే గుర్తించెను.

అన్నగారికి అచ్చట లభించి కొలిమిలో లభింపనిది నక్ష. వస్తువు పుట్టకముందే దానిని కాగితము మీద మూడు వైపుల నుండి చూచుట, ప్రతి యంచునకు కొలత వ్రాయుట, ఆ కొలతలో ఎంత హెచ్చుతగ్గు చెల్లునో అదియు వ్రాయుట. కొలిమిలో రెండు కర్రులు ఒక్క తీరుగ ఉండనవసరము లేదు. ఆ నాగలికది, ఈ నాగలికిది. కర్మాగారమున వేయి ముక్కలలో ఏదైనను ఏ యంత్రమునకైనను ఇమడవలెను. చేతిపనివాడు ఇంజనీరింగు పనివాడగుట ఈ హద్దు దాటుటయే. అన్నగారు వెర్నియరు చదువుటకు తడబడినప్పుడు తోటివారు నవ్విరట; ఉలికి నీరు పెట్టుటలో బోధకుడే వీరిని పిలిచి చూపుమనెనట. ఈ రెండవ మాటను ఆయన నలుబది యేండ్ల పిదపను మరువలేదు.

ఏడాది ముగిసెను. పరీక్షలో తీర్ణులై జాతీయ సర్టిఫికేటు పొందిరి. ఉద్యోగము రాలేదు. పదునాలుగు నెలలు ఇంట కూర్చుండి, తుదకు కాటేదానున చిన్న రేకుల షెడ్డు అద్దెకు తీసికొని, పాత లేతు మిషను నొకదానిని అప్పు చేసి కొనిరి. ఆ షెడ్డు మా కుటుంబమును నిలబెట్టినది. అందు ముప్పది యేండ్లలో పలువురు పిల్లలు పని నేర్చిరి. ఇప్పుడు మేము చెప్పబోవునది మా యింటి తప్పు గనుక నిస్సంకోచముగ చెప్పుచున్నాము. ఆయన వారిలో ఒక్కనికిని పత్రము వ్రాసియివ్వలేదు. తాను అప్రెంటిసై యుండియు, పత్రము విలువ నెరిగియు, తన షెడ్డులో కొలిమి పద్ధతినే నడపిరి. పిల్లలకు అన్నము పెట్టిరి, పండుగకు బట్టలిచ్చిరి, మంచి పని నేర్పిరి. లెక్కలో మాత్రము వారిని హెల్పర్లనిరి.

వారిలో ఒకడు మా బడిలో ఏడవ తరగతి చదివినవాడు. ఆరేండ్లు అన్నగారి కడ నుండి, వెంట్రుక మందములో సగము తేడా రాకుండ ఇరుసు త్రిప్పగల నేర్పరి యయ్యెను. అన్నగారు కాలధర్మము నొందిన పిమ్మట షెడ్డు మూతపడెను. వాడు ఒక పెద్ద సంస్థకు పోగా, సర్టిఫికేటెక్కడ యనిరి. లేదనగా బరువులు మోయు పనికి, క్రొత్తవాని కూలికి తీసికొనిరి. వాడు మా యింటికి వచ్చి, "సార్, మీరన్న రాసియ్యుండ్రి, నాకు పని వస్తదని" అని యడిగెను. ఏడవ తరగతి చదివెనని వ్రాసియివ్వగలము. లేతు మీద వాని చేయి ఎట్టిదో వ్రాసియిచ్చుటకు మాకేమి యధికారము? వ్రాసినను విలువ యెవడిచ్చును? వ్రాయగలిగినవారు పోయిరి. వాడు మమ్ము ఒక్క మాట యనకుండ మజ్జిగ త్రాగి వెళ్ళెను.

శాసనము ఇట్టి షెడ్డులను ఎందుకు తాకలేదని పాఠకులడుగవచ్చును. 2019లో సవరించిన నియమముల ప్రకారము ముప్పదిమందికి తక్కువ కాని పనివారున్న సంస్థలు నూటికి రెండున్నర మొదలు పదునైదు వరకు అప్రెంటిసులను తప్పక తీసికొనవలెను. స్టైపెండు తరగతిని బట్టి నెలకు 5,000 మొదలు 9,000 రూపాయల వరకు నిర్ణయించిరి. నలుగురు మొదలు ఇరువది తొమ్మండుగురున్న సంస్థలకు అది ఐచ్ఛికము. మనవారి షెడ్డులు చాలవరకు ఈ రెండవ తెగలోనివే. ఐచ్ఛికమనగా కూడదని కాదు. ఇష్టమైన నమోదు చేయవచ్చును. ఇష్టమే కలుగలేదు.

2023వ సంవత్సరము సెప్టెంబరులో పి.ఎం. విశ్వకర్మ పథకము వచ్చినప్పుడు మన సంఘములు సంతోషించినవి. కమ్మరి, వడ్రంగి, అవుసుల, శిల్పులతో కూడ పదునెనిమిది వృత్తులవారికి గుర్తింపు పత్రము, 15,000 రూపాయల పనిముట్లు, తక్కువ వడ్డీకి ఋణము ఏర్పరచిరి. మంచిదే. అందలి ప్రాథమిక శిక్షణ అయిదు మొదలు ఏడు దినములది. వచ్చిన విద్యకు ముద్ర వేయుటకు అది చాలును. రాని విద్యను తెచ్చుటకు చాలదు. తిత్తి కడ ఏడాది కూర్చున్నవాడెవడును ఈ రెండిటిని ఒకటిగ భావింపడు.

ఇక మొదట చెప్పిన బస్సులు పోవు చోటికి వత్తుము. 2008 మార్చిలో బేగంపేట నుండి పౌరవిమానములు శంషాబాదునకు మారినవి. పిదప అచ్చట విమానములను విప్పి, పరీక్షించి, మరమ్మతు చేయు శాలలు వెలసినవి. మా బంధువర్గములోని కుర్రవాడొకడు అట్టి శాలయందు పని నేర్చుచున్నాడు. వాని మాటలు వినుచుండగా మాకు కొలిమియే జ్ఞప్తికి వచ్చెను. అచ్చట ప్రతి పనిముట్టునకు పలక మీద దాని ఆకారమున చోటు గీయబడి యుండును. పనిదినము ముగియగానే లెక్క చూడవలెను. ఒక్క స్పానరు తక్కువైనను, అది దొరకువరకు విమానము కదలరాదు. లోపల మరచిన పనిముట్టు ఆకాశమున మృత్యువగును. మా తండ్రిగారును దాగలి ప్రక్కన సుత్తెలను పరిమాణక్రమమున పేర్చి, లెక్క సరిపోయిన గాని దీపమార్పెడివారు కారు.

కొలిమికి లేనిది అచ్చట వేరొకటి కలదు. పిల్లవాడు చేసిన ప్రతి పని, తేది, యంత్రభాగము, పని నేర్పినవాని చేవ్రాలు ఒక పుస్తకమున నెక్కును. విమానశాఖవారి లైసెన్సు కోరునప్పుడు పరీక్షతోపాటు ఈ చేతిపని అనుభవమునకు రుజువు చూపవలెను. చేవ్రాలు చేసినవాడును దానికి జవాబుదారియే. కుర్రవాడు ఒక పండుగనాడు ఆ పుస్తకపు పుటల నకలు మాకు చూపెను. చక్రము విప్పుట, బిగించుట, బిగింపు బలమును కొలుచుట అని వరుసగా నుండెను. ప్రతి వరుస చివర ఒక పెద్దవాని చేవ్రాలు. మా యన్నగారి షెడ్డులో ఆరేండ్లున్నవానికి ఇట్టి పుట యొక్కటి యుండినచో!

అది చూచిన మరునాడు మేము నూరు పేజీల రూళ్ళ పుస్తకమొకటి కొంటిమి. ఆరాంఘరు మొదలు శంషాబాదు వరకు మనవారి కొలుములకు, వడ్రంగి కొట్లకు, షెడ్డులకు తిరిగి, పని నేర్చుచున్న పిల్లల పేర్లు వ్రాయుట మొదలిడితిమి. పేరు, వయస్సు, చేరిన తేది, నేర్పువారి పేరు, ఇంతవరకు నేర్చిన పని, నేర్పువారి చేవ్రాలు. కులమను గడి పెట్టలేదు. పుస్తకమున ఇతరుల పిల్లలును కలరు. ఇది ప్రభుత్వ పత్రము కాదని అందరికి ముందే చెప్పుచున్నాము. నమోదు చేయించుకొన నిచ్చగించు యజమానులకు ఒప్పందపత్రములు నింపుటయందు తోడ్పడుచున్నాము. ఇద్దరు యజమానులు మాత్రము ఒప్పుకొనిరి. ఒక పెద్దమనిషి, "పంతులుగారూ, రాసిచ్చినంక పిల్లగాడు ఎక్కువ కూలి దిక్కు పోతె మేమేం గావాలె?" అనెను. నారదుడు ఎరిగిన భయమే అది. అందుకే ఆయన గడువు వ్రాసికొనుమనెను. ఆ మాటయే చెప్పితిమి. ఆయన ఆలోచింతుననెను.

లేతు మీద చేయి తిరిగిన ఆ కుర్రవాని పేరును మొదటి పుటలోనే వ్రాసితిమి. నేర్పువారి చేవ్రాలు గడి ఖాళీగ నున్నది. అన్నగారి షెడ్డులో వానితో కలిసి పనిచేసిన ఇద్దరు టర్నర్లు సాక్షులుగ దాని ప్రక్కన చేవ్రాళ్ళు చేసిరి. మహాసభ జరుగు రెండు దినములును పుస్తకము మా యొద్ద నుండును. తమ కొలిమిలోనో కొట్టులోనో పిల్లలకు పని నేర్పుచున్నవారు భోజనవిరామమున మమ్ము కలిసికొని వివరములు వ్రాయింపగోరుచున్నాము. కలము మేమే తెత్తుము.